కనిపెట్టుకుని ఉండటం

మంచి నర్సుకు ఏ గుణం ఉండాలని అడిగితే ఎక్కువమంది నోట ముందుగా వచ్చే మాట జాలి. ఆ వెనకే ఓర్పు, చిరునవ్వు, సేవాభావం వస్తాయి. ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజైన మే 12న ఆసుపత్రుల్లో జరిగే సభల్లో ఏటా ఈ మాటలే వినిపిస్తాయి. అవి అబద్ధాలేమీ కావు. అయినా జాలిగుండె ఉన్నవాళ్ళందరూ మంచి నర్సులు కాలేరు. రోగి బాధ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషికి ఆ క్షణాన థర్మామీటరులో అంకె సరిగ్గా కనిపించదు. వార్డుల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన పెద్ద సిస్టర్లు కొత్తగా చేరిన పిల్లలో ముందు వెతికేది చూపును. మంచం మీది మనిషిని చూస్తోందా, చేతిలోని కేస్‌షీటును చూస్తోందా అన్నది వాళ్ళకు ఒకటి రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. మిగిలిన గుణాలు చాలా వరకు ఆ చూపును ఆనుకునే ఉంటాయి.

నైటింగేల్ కథే ఇందుకు సాక్ష్యం. 1854లో క్రిమియా యుద్ధకాలంలో స్కుటారి ఆసుపత్రికి వెళ్ళిన ఆమెను లోకం చేతిలో దీపంతో గుర్తుపెట్టుకుంది. ఆమె చేసిన పనిలో దీపం కన్నా లెక్కల పుస్తకానిదే పెద్ద వాటా. గాయాల వల్ల చనిపోయిన సైనికుల కన్నా, మురికి వల్ల వచ్చిన రోగాలతో చనిపోయినవారే ఎక్కువని యుద్ధం తర్వాత అంకెలు పోగుచేసి, రంగుల పటాలు గీయించి మరీ చూపించారు. 1859లో అచ్చయిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో రోగిని గమనించడానికే ఒక అధ్యాయం కేటాయించారు. దీపం బొమ్మ సభల్లోకి వచ్చింది గాని ఆ అధ్యాయం రాలేదు.

బొబ్బిలి లాంటి ఊళ్ళో ఈ చూపుకు పని మరీ ఎక్కువ. విజయనగరం వెళ్ళాలంటే సుమారు 60 కిలోమీటర్లు. 1923 నుంచి ఉత్తరాంధ్రకంతటికీ పెద్ద దిక్కైన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి అంతకు దాదాపు రెట్టింపు దూరం. ఒక పక్క బాడంగి, తెర్లాం, రామభద్రపురం మైదాన పల్లెలు, ఇంకో పక్క సాలూరు, మక్కువ దాటితే కొండలు. పెద్దాసుపత్రిలో నర్సు ఏమరుపాటున ఉన్నా మానిటరు గంట కొట్టి పిలుస్తుంది. చిన్న ఊరి ఆసుపత్రిలో రాత్రి రెండు గంటలకు ఏదో తేడాగా ఉందని ముందు తెలియవలసింది డ్యూటీలో ఉన్న నర్సుకే. రోగిని 108 ఎక్కించాలా, తెల్లారేదాకా ఆగవచ్చా అన్న నిర్ణయం డాక్టరుదే అయినా, ఆ నిర్ణయానికి ఆధారం ఫోనులో నర్సు చెప్పే నాలుగు ముక్కలే.

కాన్పు గదిలో ఇది బాగా తెలుస్తుంది. బిడ్డ పుట్టి, ఏడ్చి, తూకం వేయించుకుని, గుమ్మం దగ్గర కాచుకున్న అమ్మమ్మ చేతుల్లోకి వెళ్ళాక ఇంటివాళ్ళ లెక్కలో పని అయిపోయినట్టే. నర్సు కాపలా అప్పుడే మొదలవుతుంది. బిడ్డ బయటపడిన నిమిషంలోపే తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పడాలి. మాయ పడ్డాక రెండు గంటల పాటు పావుగంటకొకసారి పొట్ట మీద చెయ్యి వేసి చూడాలి. బొడ్డు దగ్గర గర్భసంచి క్రికెట్ బంతిలా గట్టిగా తగిలితే సరే. మెత్తగా, ఎక్కడుందో అంతుపట్టకుండా ఉంటే అది ముడుచుకోవడం లేదని అర్థం. వెంటనే గుండ్రంగా రుద్ది ముడుచుకునేలా చెయ్యాలి, డాక్టరుకు కబురు పెట్టాలి. మూత్రాశయం నిండి ఉన్నా గర్భసంచి ముడుచుకోదు గనుక ఆ సంగతీ అడగాలి. కింద వేసిన గుడ్డ చూడాలి, ఆ గుడ్డ కింద పరుపూ చూడాలి. నెత్తురు నడుము కిందికి జారితే పైకి కనిపించదు. అర లీటరు పోతే ప్రమాదమని పుస్తకం చెబుతుంది. ముందే రక్తం తక్కువగా ఉన్న తల్లి అంతకన్నా తక్కువ పోయినా తట్టుకోలేదు, ఈ పల్లెల నుంచి వచ్చే గర్భిణుల్లో రక్తహీనత మామూలు విషయం. బీపీ పడిపోయేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అంతకు ముందే నాడి వేగం పెరుగుతుంది, అరచేతులు చల్లబడతాయి, తల్లికి కారణం చెప్పలేని కంగారు పుడుతుంది. 'దాహమేస్తోంది సిస్టరమ్మా' అంటే గ్లాసుడు నీళ్ళిచ్చి వెళ్ళిపోయే నర్సు ఉంటుంది, గ్లాసు అందిస్తూనే రెండో చేత్తో మణికట్టు పట్టుకునే నర్సు ఉంటుంది. ఇద్దరి చదువూ ఒకటే, సర్టిఫికెట్టూ ఒకటే.

నాట్ల కాలంలో పాముకాట్లు వస్తాయి. నాగుపాము, రక్తపింజర కాటైతే గాటూ వాపూ కనిపిస్తాయి, ఇంటివాళ్ళు పరుగున తెస్తారు. కట్లపాము సంగతి వేరు. రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. గాటు ఆనవాలు దొరకదు, నొప్పి పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులని వస్తారు. గ్యాసు నొప్పి అనుకుని ఒక సూది పొడిచి బల్ల మీద కూర్చోబెట్టే ప్రమాదం ఎంతైనా ఉంది. రాత్రి ఎక్కడ పడుకున్నావని అడిగి, కనురెప్పలు వాలుతున్నాయా, మాట ముక్కుతో వస్తోందా, ఉమ్మి మింగలేకపోతున్నాడా, ఒక్క గుక్కలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలుగుతున్నాడు అని చూసిన నర్సు డాక్టరును నిద్ర లేపుతుంది.

రక్తపింజర కాటుకు చేసే పరీక్షకు ఇంకో రకం నిగ్రహం కావాలి. శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు ఒక్కసారి వంచి చూడాలి. రక్తం గడ్డ కట్టకపోతే విషం పనిచేస్తోందని లెక్క. వరండాలో జనం గోల చేస్తుంటే పన్నెండో నిమిషానికే గొట్టం ఎత్తి చూడాలనిపిస్తుంది. సబ్బుతో కడిగిన గొట్టం చేతికి దగ్గరగా ఉంటే దాంతో కానిచ్చేయాలనిపిస్తుంది. రెండు విధాలా ఫలితం తప్పుతుంది. విరుగుడు మందు సీసాలో పొడి రూపంలో ఉంటుంది. నీళ్ళు కలిపి గట్టిగా కుదిపితే నురగ కడుతుంది, మెల్లగా తిప్పుతూ కరగనివ్వాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేతులు నిదానంగా కదలడం నర్సుకు అబ్బవలసిన విద్యల్లో కష్టమైనది.

చూసింది చూసినట్టు రాయడం ఇంకో మెట్టు. ఊపిరి లెక్కనే తీసుకోవాలి. నిమిషం పాటు రొమ్ము కదలికలు లెక్కపెట్టాలి, అదీ రోగికి తెలియకుండా. తెలిస్తే అతని ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని లెక్కపెట్టడం పాత ఉపాయం. పెద్దవాళ్ళకు 12 నుంచి 20 దాకా మామూలు. ఒంట్లో ఏదో పెద్ద తేడా వస్తోందని అన్నిటికన్నా ముందు చెప్పే అంకెల్లో ఇదొకటి, ఆసుపత్రుల్లో తరచుగా ఊహించి రాసేసే అంకె కూడా ఇదే. వార్డులో పాతిక మంది రోగులుంటే పాతిక మందీ 18 సార్లో 20 సార్లో ఊపిరి తీసుకున్నట్టు కాగితాలు చెబుతాయి. పని ఒత్తిడిలో ఇది చిన్న అబద్ధంలా కనిపిస్తుంది. ఆ వరసను నమ్మి డాక్టరు ఇంటికి వెళ్ళిపోతాడు.

తన తప్పు తాను చెప్పడం దీనికి కొనసాగింపు. ఒకరి మందు ఇంకొకరికి పడటం ఎంత మంచి ఆసుపత్రిలోనైనా జరగవచ్చు. ఈ మనిషికేనా, ఈ మందేనా, ఇంతేనా, ఈ దారినేనా, ఈ వేళకేనా అని అయిదు ప్రశ్నలు వేసుకోవడం అందరికీ నేర్పేది అందుకే. జరిగిన వెంటనే చెబితే చాలాసార్లు సరిచేయవచ్చు, దాస్తే చేయలేరు. చెప్పినవారిని అందరి ముందూ తిట్టే చోట ఎవరూ చెప్పరు గనుక ఈ గుణం సగం నర్సుది, సగం పై అధికారులది.

వినడంలో మరీ ఎక్కువ నేర్పు కావాలి. ఉత్తరాంధ్ర పల్లె మనిషి తన బాధను పాఠ్యపుస్తకంలోలా చెప్పడు. 'ఏటవుతోంది తాతా?' అంటే 'ఏటీ నేదమ్మా, రాత్రి నుంచి గుండెల్లో కాస్త పీకులాట' అంటాడు. మొదటి మాట దగ్గరే ఆగిపోయిన నర్సు అతన్ని వరసలో చివర కూర్చోబెడుతుంది. చివరిదాకా విన్న నర్సు ఈసీజీ తీయిస్తుంది. ఆడవాళ్ళు బాధను ఇంకా తగ్గించి చెబుతారు, పక్కన అత్తగారు ఉంటే మరీను. ఆవిడను టీ తాగి రమ్మని మర్యాదగా పంపడం ఏ సిలబస్‌లోనూ లేదు గాని ఉండవలసిందే. కొండల నుంచి వచ్చే జాతాపు, సవర కుటుంబాల్లో కొందరు పెద్దవాళ్ళకు తెలుగు అంతంతమాత్రం. నొప్పి ఉందా అంటే 'ఊఁ' అంటారు, లేదా అన్నా 'ఊఁ' అనే అంటారు. వేలితో చూపించమనాలి, లేకపోతే తోడు వచ్చిన చదువుకున్న పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవాలి.

చాలామంది ఆసుపత్రికి రాకముందే ఎక్కడో ఏదో మందు పుచ్చుకునే వస్తారు. కామెర్లకు పసరు, విరిగిన ఎముకకు నాటు కట్టు, పాముకాటుకు మంత్రం, జ్వరానికి ఊళ్ళో ఆర్‌ఎంపీ పొడిచిన సూది. 'అదెందుకు మింగారు, బుద్ధుందా' అని కసిరితే ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ అబద్ధమే వస్తుంది. 'ఇక్కడికి రాకముందు ఏటైనా పుచ్చుకున్నారా అమ్మా, చెప్తే మందివ్వడం మాకు సులువు' అని అడిగినవాళ్ళకు పసరు పోసిన మనిషి ఊరితో సహా తెలుస్తుంది. ప్రభుత్వాసుపత్రుల్లో సిస్టర్లు కసురుకుంటారన్న పేరు జనంలో గట్టిగానే ఉంది, అందులో నిజం లేకపోలేదు. కసురు వల్ల పోయేది మర్యాద ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. దాంతోపాటు రోగానికి సంబంధించిన సమాచారం కూడా పోతుంది.

రోగితోపాటు ఆటోనిండా జనం దిగడమూ ఇక్కడ మామూలే. వాళ్ళను విసుక్కుని తరిమేసే నర్సులున్నారు, వాళ్ళకు భయపడి నోరు మెదపని నర్సులున్నారు. తెలివైన నర్సు ఆ గుంపులో నిలకడగా ఉన్న మనిషిని ఎంచుకుంటుంది. ఆ ఒక్కరికి అన్నీ వివరంగా చెబుతుంది. మిగిలినవారికి సంగతి చెప్పుకునే బాధ్యత ఆ మనిషిదే అవుతుంది. రోగిని పక్కకు తిప్పడానికి, గంజి తాగించడానికి, మందుల చీటీ పట్టుకుని పరుగెత్తడానికి మిగతావాళ్ళు పనికొస్తారు.

ఇంకొకరి ఒంటి మురికిని తాకే చెయ్యి ఈ వృత్తికి మొదటి నుంచీ గౌరవమూ తెచ్చింది, చిన్నచూపూ తెచ్చింది. బొబ్బిలి మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. ఆ శతాబ్దపు చివరి దశకాల్లో కెనడా బాప్టిస్టు మిషనుకు చెందిన జార్జి చర్చిల్, మెటిల్డా చర్చిల్ దంపతులు బొబ్బిలిలో ఉండి పనిచేశారు. గుంటూరుకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి కట్టించారు. తీరాంధ్రలో ఆడపిల్లల బడులూ ఆసుపత్రులూ చాలా వరకు ఇలాంటి మిషన్ల వెంటే వచ్చాయి. పరాయి మగవాడి ఒంటిని తాకే పని, మలమూత్రాలు ఎత్తే పని అని పరువుగల ఇళ్ళవాళ్ళమనుకునేవారు దూరం పెట్టిన ఈ ఉద్యోగంలోకి తొలి తరంలో వచ్చినవాళ్ళు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. ఇప్పుడు అన్ని కులాల పిల్లలూ చదువుతున్నారు, మగపిల్లలూ చేరుతున్నారు. అయినా పెళ్ళిచూపుల్లో 'నైట్ డ్యూటీలుంటాయా?' అన్న ప్రశ్న మాత్రం ఆగలేదు. అసహ్యం సంగతికొస్తే అది అందరికీ కలుగుతుంది, కుళ్ళిన పుండు వాసన ఎవరికీ ఇష్టం ఉండదు. కట్టు విప్పేటప్పుడు ముఖం ముడుచుకోకుండా ఉండటమే నేర్చుకోవలసింది, ఎందుకంటే రోగి తన పుండును చూడడు, నర్సు ముఖాన్ని చూస్తాడు.

చిన్న పట్టణంలో గుట్టు నిలపడం నగరంలో కన్నా కష్టం. రోగి నర్సుకు ఎదురింటాయనో, పిల్లాడి బళ్ళో టీచరో, పిన్నిగారి తోటికోడలో అయి ఉంటారు. ఎవరికి హెచ్‌ఐవీ పరీక్ష జరిగిందో, ఎవరి కూతురు కడుపు తీయించుకుందో సంతలో ఒక్క మాట జారితే చాలు, ఇంకెవరూ ఆ ఆసుపత్రికి రారు. అడిగినవాళ్ళకు 'ఏమో, నేను ఆ వార్డు చూడలేదు' అనే చిన్న అబద్ధం ఈ వృత్తిలో తప్పు కాదు.

డాక్టరుతో మాట్లాడే ధైర్యం గురించి సభల్లో ఎవరూ చెప్పరు. డాక్టరు వస్తే నర్సు లేచి నిలబడే అలవాటు మన ఆసుపత్రుల్లో ఉంది. ఆ అలవాటు మాట్లాడవలసిన చోట నోరు నొక్కకూడదు. పసిపిల్లల మందులో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పదింతలవుతుంది. 'సార్, ఈ డోసు ఒకసారి చూస్తారా' అన్న అయిదు మాటలకు పెద్ద వీరత్వం అక్కర్లేదు, కాని అవి అనలేక ఊరుకున్న సందర్భాలు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటాయి.

కలత పడకుండా ఉండటం రోజూ కావలసిన గుణమే అయినా అది బయటపడేది పెద్ద ప్రమాదాల్లో. 2017 జనవరి 21 రాత్రి కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినప్పుడు పార్వతీపురం, రాయగడ ఆసుపత్రులకు క్షతగాత్రులను తరలించారు. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రెండు పాసింజరు రైళ్ళు ఢీకొని 14 మంది మరణించారు; అందులో ఒకటి బొబ్బిలి మీదుగా రాయగడ వెళ్ళే బండి. గాయపడినవారిని విజయనగరం ఆసుపత్రికి తెచ్చారు. ఇలాంటి రాత్రి ఒక్కసారిగా పదుల మంది వచ్చిపడతారు. గట్టిగా అరుస్తున్నవాడికి ఊపిరి ఆడుతున్నట్టే; నిశ్శబ్దంగా గోడకు ఆనుకుని కూర్చున్నవాడి దగ్గరికి ముందు వెళ్ళాలి. జనం అరుపులు వినిపిస్తున్న వైపుకు తోస్తుంటే, అటు నుంచి చూపు మరల్చుకోగలగాలి.

మరి జాలి ఎక్కడ? అది లేకుండా ఈ పని యేడాది కూడా సాగదు. దాన్ని చాలాకాలం నిలుపుకోవడంలోనే ఇబ్బంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెలను కిడ్నీ జబ్బు ఏళ్ళుగా పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. డయాలసిస్ యంత్రం దగ్గర రోగి వారానికి రెండు మూడు సార్లు, దాదాపు నాలుగేసి గంటలు కూర్చుంటాడు. నర్సు ప్రతిసారీ అతని చేతి మీది రక్తనాళాన్ని వేళ్ళతో తడిమి, సన్నని ప్రకంపన తగులుతోందో లేదో చూసి గాని సూది గుచ్చదు. నెలలు గడిచేసరికి అతని కూతురి పెళ్ళి సంగతులు, కొబ్బరితోట అప్పు సంగతులు తెలుస్తాయి. ఒకరోజు అతను రాడు. ఆ కుర్చీలో మరుసటి వారం ఇంకొకరు కూర్చుంటారు. పూర్తిగా మనసు పెట్టినవాళ్ళు విరిగిపోతారు, పూర్తిగా తీసేసుకున్నవాళ్ళు యంత్రంలో భాగమైపోతారు. మధ్యలో ఎక్కడ నిలబడాలో ఎవరికి వారే తేల్చుకోవాలి. నిలబడ్డవారిని చూస్తే వాళ్ళకు ఆసుపత్రి బయట ఇల్లు, పాట, పూజ, స్నేహితులు ఏదో ఒకటి గట్టిగా ఉంటుంది.

అంత దీర్ఘమైన ఓపికకు ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సులు పెద్ద ఉదాహరణ. అక్కడ నర్సుగా ఉన్న అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరులో అదే ఆసుపత్రి ఉద్యోగి దాడి చేశాడు. 2015 మేలో కన్నుమూసేదాకా, దాదాపు 42 ఏళ్ళు, ఆమె అక్కడే మంచానికే పరిమితమై ఉన్నారు. తరాలు మారినా నర్సులు ఆమెకు తినిపించారు, శుభ్రం చేశారు, పడకపుండ్లు రాకుండా తిప్పుతూ వచ్చారు. 2011 తీర్పులో సుప్రీంకోర్టు వాళ్ళ సేవను ప్రత్యేకంగా మెచ్చుకుంది. ఆ దాడికి కారణమైన అభద్రత మాత్రం దేశంలోని ఆసుపత్రుల్లో పూర్తిగా పోలేదు. చీకటి నడవా, గడియ పడని గది, రాత్రి డ్యూటీలో ఒంటరితనం నర్సు గుణంతో తీరేవి కావు.

అసలు గుణాల గురించి మాట్లాడేవాళ్ళు రోగుల సంఖ్య గురించీ మాట్లాడాలి. లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులను పరిశీలించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సు చూడవలసిన రోగులు ఒక్కరు పెరిగితే శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేలింది. పావుగంటకొకసారి పొట్ట మీద చెయ్యి వేయాలంటే ఆ పావుగంట నర్సు దగ్గర ఉండాలి. నలభై మంచాలకు ఇద్దరిని పెట్టి చిరునవ్వు లేదని తప్పుపట్టడం న్యాయం కాదు. నడుము, మోకాళ్ళు, నిద్ర ముందు దెబ్బతింటాయి. చిరాకు ఆ తర్వాత వస్తుంది.

ఈ గుణాలు పుట్టుకతో రావాలా, నేర్పితే వస్తాయా అన్న ప్రశ్నకు పట్రీషియా బెన్నర్ 1984లో రాసిన పుస్తకం ఒక దారి చూపింది. కొత్తగా వచ్చిన నర్సు నియమాలు పట్టుకుని నడుస్తుందని, ఆరితేరిన నర్సు మంచాన్ని ఒక్క చూపు చూసి తేడా పసిగడుతుందని, ఆ మధ్య దశలన్నీ అనుభవంతో దాటవలసినవేనని ఆమె వివరించారు. బొబ్బిలి చుట్టుపక్కల పిల్లలు నర్సింగ్‌లో చేరేది చాలాసార్లు త్వరగా ఉద్యోగం వస్తుందని, వీలైతే గల్ఫ్‌కో ఐరోపాకో వెళ్ళవచ్చని. అందులో తప్పేమీ లేదు. జీతం కోసం వచ్చి గొప్ప నర్సులైనవాళ్ళకు కొదవ లేదు. జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నాలుగేళ్ళు; రెండింటిలోనూ తొలి పాఠాల్లో ఒకటి పడక సర్దడం. దుప్పటి ముడతలు లేకుండా పరచడం వారంలో అందరికీ వస్తుంది. రోగిని పక్కకు తిప్పినప్పుడు వీపూ మడమలూ చూసి, ఎర్రబడిన చోటు ఉంటే అడక్కుండా చెప్పేవాళ్ళు మొదట్లో కొందరే. నేర్పే సిస్టర్లు మిగిలినవాళ్ళను రోజూ 'వీపు చూశావా?' అని అడుగుతారు. కొన్ని నెలలు అడిగించుకున్నాక వాళ్ళలోనూ చాలామంది అడక్కుండానే చూడటం మొదలుపెడతారు.